రెచ్చగొట్టేది బొమ్మా, దాని అంచునున్న ముద్రా?

సంపాదకులకు నమస్కారం.

ఏ పత్రికలోనైనా జనాన్ని రెచ్చగొట్టే ప్రకటన వచ్చిందంటే పాఠకుల పేజీకి రెండే రకాల ఉత్తరాలు వస్తాయి. సంస్కృతి మంటగలిసిపోతోంది, వెంటనే నిషేధించండి అనేది మొదటి రకం. లోపం చూసే కళ్లలో ఉంది, కళను కళగా చూడండి అనేది రెండోది. ప్రకటనలో అసలేముందో చెప్పే వాక్యం రెంటిలోనూ ఒక్కటీ ఉండదు. జర్నలిజం తరగతి గదుల్లోనూ పెద్ద తేడా లేదు. వివాదాస్పద ప్రకటనను మీడియా సిద్ధాంతాల వెలుగులో విశ్లేషించమంటే ఫ్రెంచ్ విమర్శకుడు బార్త్ మీద రెండు పేరాలు, బ్రిటన్ మీడియా సిద్ధాంతకర్త స్టూవర్ట్ హాల్ మీద రెండు, సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ మీద ఒకటి రాసి, 'కాబట్టి ఈ ప్రకటన సమాజంపై దుష్ప్రభావం చూపుతుంది' అని ముగిస్తారు. మధ్యలోని అయిదు పేరాలూ కొట్టేసినా ఆ చివరి వాక్యం చెక్కుచెదరదు. సిద్ధాంతం అక్కడ ఏ పనీ చేయలేదని దానర్థం.

దాని చేత పని చేయించడం ఎలాగో ఒక పాత ప్రకటన మీద చూపించాలని ఈ ఉత్తరం. నిడివి ఎక్కువైంది, మన్నించాలి. పత్రిక నడిపేవారికి నేరుగా తగిలే విషయం కూడా ఇందులో ఉంది.

ఇటలీ బట్టల కంపెనీ బెనెటన్ 1992లో ఇచ్చిన ప్రకటన అది. ముందు విశేషణాలు లేకుండా, కనిపించేది కనిపించినట్టు చెప్పాలి. మంచం మీద ఒక యువకుడు. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి, కళ్లు తెరిచి ఉన్నాయి, చూపు ఎవరి మీదా లేదు. తండ్రి అతని తలను చేతుల్లోకి తీసుకుని తన ముఖం దానికి ఆనించి ఉన్నాడు. పక్కన ఒక స్త్రీ, ఆమెకు అతుక్కుని ఒక ఆడపిల్ల. ఫ్రేము అంచు నుంచి ఒక చేయి వచ్చి అతని చేతిని తాకుతోంది. ఆ చేయి ఎవరిదో మనకు కనిపించదు. ఎవరూ మనవైపు చూడటం లేదు. రంగులు వెలిసినట్టుగా ఉన్నాయి. అంచున ఆకుపచ్చ దీర్ఘచతురస్రం, అందులో తెల్లటి అక్షరాలు: యునైటెడ్ కలర్స్ ఆఫ్ బెనెటన్. అంతే. చొక్కా లేదు, ధర లేదు, దుకాణం చిరునామా లేదు, నినాదం లేదు. ఎయిడ్స్ అన్న మాట కూడా ఎక్కడా లేదు.

ఈ జాబితా రాయడం విసుగు పని. అందుకే అందరూ ఎగ్గొడతారు. 'హృదయవిదారకం', 'దారుణం' లాంటి మాట ఒక్కటి ముందే పడిందంటే విశ్లేషణ అక్కడే అయిపోయినట్టు, ఎందుకంటే ఇక మీదట రాసేదంతా ఆ మాటకు సమర్థనే. పైన 'పీక్కుపోయాయి' అన్న మాట కూడా కొంచెం హద్దు దాటిందని ఒప్పుకోవాలి.

ఆ యువకుడి పేరు డేవిడ్ కర్బీ, అమెరికాలోని ఒహాయో వాడు, ఎయిడ్స్ కార్యకర్త. 1990లో చనిపోయాడు. ఫొటో తీసినది థెరెస్ ఫ్రేర్ అనే ఫొటోగ్రాఫర్. అది 1990 నవంబరులో 'లైఫ్' పత్రికలో నలుపు తెలుపుల్లో అచ్చయింది. లక్షలాది మంది చూశారు, చలించిపోయారు, కానీ దాన్ని నిషేధించాలన్న గొడవ రాలేదు. రెండేళ్లు తిరక్కుండా అదే ఫొటోకు చేత్తో రంగులద్దించి, పచ్చ ముద్ర వేసి బెనెటన్ ప్రకటనగా విడుదల చేసేసరికి కథ మారింది. బ్రిటన్‌లో టెరెన్స్ హిగిన్స్ ట్రస్ట్ అనే ఎయిడ్స్ సేవా సంస్థ దీన్ని నిషేధించమంది. కన్నకొడుకు శవాన్ని ఒడిలో పెట్టుకున్న మరియమ్మ శిల్పాలను వెక్కిరిస్తున్నట్టుందని కొందరు క్యాథలిక్కులు మండిపడ్డారు. 'ఎల్', 'వోగ్', 'మేరీ క్లేర్' లాంటి ఫ్యాషన్ పత్రికలు వేసుకోబోమన్నాయి.

ఇక్కడ విశ్లేషకుడికి అరుదైన అవకాశం దొరికింది. బొమ్మ అదే. మారినవి మూడే: చోటు, రంగు, ముద్ర. మరి రెచ్చగొట్టింది ఏది?

భాషాశాస్త్రం నుంచి రొలాఁ బార్త్ తెచ్చుకున్న ఒక పరీక్ష ఇందుకు పనికొస్తుంది. ఒక అంశాన్ని మార్చి చూడటం, అర్థం మారితే ఆ అంశం అర్థాన్ని మోస్తోందని తేల్చుకోవడం. ప్రకటనను నాలుగు ప్రతులు తీయాలి. మొదటిది ఉన్నది ఉన్నట్టు. రెండోదాంట్లో పచ్చ ముద్ర మీద కాగితం అంటించాలి. మూడోదాన్ని నలుపు తెలుపు చేసి ముద్ర ఉంచాలి. నాలుగోదాంట్లో పచ్చ ముద్ర స్థానంలో ఒక జీవిత బీమా కంపెనీ పేరు పెట్టాలి. ఒక్కో ప్రతిలో మార్చేది ఒక్కటే అయి ఉండాలి. రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో తేలదు. ఒక్కో ప్రతిని వేరు వేరు గుంపులకు ఇవ్వాలి, గుంపుకు ఎనిమిది పది మంది చాలు. ఒకసారి అసలు ప్రకటన చూసినవాళ్ల కంటికి ముద్ర తీసేసినా అది కనిపిస్తూనే ఉంటుంది, వాళ్ల జవాబు పనికిరాదు. పది సెకన్లు చూపించి, కాగితం తీసేసుకుని, 'ఇది ఏమిటి, ఎవరు ఎవరికి చెబుతున్నారు' అని రెండు ప్రశ్నలకు మూడు నిమిషాల్లో ఎవరికి వారు రాయమనాలి. చర్చ ఆ తర్వాతే. ముందే నోరు విప్పనిస్తే గట్టిగా మాట్లాడేవాడి అభిప్రాయమే గుంపు అభిప్రాయమైపోతుంది.

ముద్ర తీసేసిన ప్రతి వార్తా ఛాయాచిత్రంగా మారిపోతుంది. బీమా పేరు పెట్టినది మరీ ఆసక్తికరం. అందులో వాణిజ్యం తగ్గదు, ఇంకా పెరుగుతుంది, కానీ రోత తగ్గుతుంది. చావుకూ బీమాకూ సంబంధం ఉందని పాఠకుడికి ముందే తెలుసు కాబట్టి అర్థం ఎక్కడో ఒకచోట కుదురుకుంటుంది. స్వెటర్లకూ చావుకూ మధ్య అలాంటి దారి లేదు. అంటే 'చావుతో వ్యాపారం చేస్తున్నారు' అన్న మాట ఒక్కటే ఆ కోపానికి చాలినంత కారణం కాదు. ఆసుపత్రులూ బీమా కంపెనీలూ రోజూ చేసేది అదేగా. సంబంధం ఏమిటో చెప్పకుండా రెంటినీ పక్కపక్కన పెట్టడమే ఇక్కడి రెచ్చగొట్టుడు. ఈ సంగతి పరీక్ష చేయకుండా చూపుతో పట్టుబడేది కాదు.

బార్త్ 1964లో ఒక ఇటాలియన్ పేరున్న ఫ్రెంచ్ సేమ్యా కంపెనీ ప్రకటనను విడదీసి చూపించాడు. బొమ్మకు అర్థాలు చాలా ఉంటాయి, పక్కనున్న రాత వాటిలో ఒకదానికి లంగరు వేస్తుంది అన్నాడు. సేమ్యా ప్రకటనలో ఆ రాత ఉంది. బెనెటన్ ప్రకటనలో ఉన్న రాత కంపెనీ పేరొక్కటే. లంగరు అర్థానికి పడలేదు, అమ్మేవాడికి పడింది. మిగతాది పాఠకుడికి వదిలేశారు. పాఠకుడు చేతికి దొరికిన తాడుతో కట్టుకుంటాడు. చర్చికి వెళ్లేవాడికి మరియమ్మ దొరికింది, ఎయిడ్స్ బాధితులతో పని చేసేవాడికి దోపిడీ దొరికింది, బెనెటన్ పాత ప్రకటనలు చూసినవాడికి 'అన్ని రంగుల మనుషులూ ఒక్కటే' అన్న పాత పాట దొరికింది. మన అలంకారికులు వాచ్యార్థం (మాటకు నేరుగా వచ్చే అర్థం) మీద వ్యంగ్యార్థం (సూచనగా తోచే అర్థం) నిలబడటానికి సందర్భం, వక్త, శ్రోత మూడూ కావాలంటారు. ఇక్కడ వక్త పేరు మాత్రం ఇచ్చి ఊరుకున్నారు.

ఇక స్టూవర్ట్ హాల్. 1973లో రాసిన వ్యాసంలో ఆయన చెప్పినది మన పరీక్ష పేపర్లలో నలిగి నలిగి రూపం మార్చుకుంది. పంపినవాడు కోరుకున్నట్టే చదవడం, కొంత ఒప్పుకుని కొంత తన అనుభవంతో సవరించుకుని చదవడం, ఎదురు తిరిగి చదవడం అని మూడు స్థానాలు. మన విద్యార్థులు వీటిని 'నచ్చింది, ఫర్వాలేదు, నచ్చలేదు' అని రాసేస్తారు. పెద్ద పొరపాటు. ప్రకటన నచ్చకపోవడం ఎదురు చదువు కాదు. పంపినవాడు ఏం చెప్పదలిచాడో పూర్తిగా అర్థం చేసుకుని, దాన్ని మరో చట్రంలో పెట్టి చూడటం ఎదురు చదువు. 'ఈ కంపెనీ సామాజిక స్పృహ చూపిస్తున్నట్టు ఉంది, నిజానికి ఆ స్పృహనే సరుకు చేసింది' అన్న ఎయిడ్స్ కార్యకర్తది అచ్చమైన ఎదురు చదువు. 'ఛీ, పొద్దున్నే ఈ బొమ్మేంటి' అని పేజీ తిప్పినవాడిది ఏ చదువూ కాదు, అసలు చదవలేదు.

కర్బీ తండ్రి మాటను ఈ మూడు గళ్లలో ఎక్కడ పెట్టాలి? బెనెటన్ మమ్మల్ని వాడుకోలేదు, మేమే వాళ్లను వాడుకున్నాం, ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది, డేవిడ్ కోరుకున్నదీ అదే అని ఆయన ఫొటోగ్రాఫర్‌తో అన్నాడు. కుటుంబం ఒప్పుకున్నాకే ప్రకటన వచ్చింది. మరోవైపు, బతికుండగా డేవిడ్ ఫొటో తీయనిచ్చింది లాభం కోసం వాడకూడదన్న షరతు మీద. ఈ రెండు నిజాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. హాల్ పటం పాఠకుల కోసం వేసింది, బొమ్మలో ఉన్నవాళ్ల కోసం కాదు. అందుకే వాళ్లు అందులో ఇమడరు. సిద్ధాంతం ఎక్కడ ఆగిపోతుందో చెప్పడం కూడా విశ్లేషణలో భాగమే. అది చెప్పిన విద్యార్థికి మార్కులు ఎక్కువ వేయాలి.

ఒకే బొమ్మ రెండు చోట్ల రెండుగా చదవబడటానికి బెనెటన్‌దే 1989 నాటి ప్రకటన ఇంకా తేటైన ఉదాహరణ. నల్లజాతి స్త్రీ తెల్ల బిడ్డకు పాలిస్తున్న బొమ్మ. ముఖం లేదు, రొమ్ము, బిడ్డ, ఎర్ర స్వెటర్ అంతే. యూరప్‌లో దానికి బహుమతులొచ్చాయి. అమెరికాలో యజమాని బిడ్డలకు పాలివ్వాల్సి వచ్చిన బానిస స్త్రీలు గుర్తొచ్చారు, నల్లజాతివారు అభ్యంతరం చెప్పారు, అక్కడ దాన్ని పక్కన పెట్టారు. బొమ్మ తీసినవాడి మనసులో ఏముందన్నది అప్పుడు లెక్కలోకి రాదు. ముఖం కత్తిరించడం ఇక్కడ కీలకం. ముఖం ఉండి ఉంటే ఆమె ఒక మనిషి, లేదు కాబట్టి ఒక పాత్ర.

పత్రికవారికి తగిలే విషయం ఇక చెబుతాం. బెనెటన్ ప్రకటనల మీద జర్మనీలో కేసు పడింది. బట్టల కంపెనీ మీద కాదు, ప్రకటన వేసిన 'స్టెర్న్' వారపత్రిక ప్రచురణకర్తల మీద. మూడు ప్రకటనలు వివాదంలో ఉన్నాయి: చమురు తెట్టులో తడిసిన పక్షి, పని చేస్తున్న పిల్లలు, నగ్నమైన పిరుదు మీద 'హెచ్.ఐ.వి. పాజిటివ్' అని ముద్ర. జనం జాలిని రెచ్చగొట్టి పేరు తెచ్చుకోవడం అక్రమ పోటీ కిందికి వస్తుందని 1995లో జర్మనీ ఫెడరల్ కోర్టు అంది. పత్రిక రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. 2000 డిసెంబరు 12న ఆ న్యాయస్థానం ఫెడరల్ కోర్టు తీర్పును కొట్టేసింది. లోకంలోని కష్టాలు కంటబడకుండా పౌరుడి మనసును హాయిగా ఉంచడం కోసం ప్రభుత్వం భావప్రకటన హక్కును కత్తిరించకూడదన్నది ఆ తీర్పు సారం. పిరుదు మీద ముద్ర సంగతి మళ్లీ కింది కోర్టుకు వెళ్లి, మనిషి గౌరవానికి భంగమని మళ్లీ నిషేధానికి గురై, 2003 మార్చి 11న మళ్లీ కొట్టివేతకు వచ్చింది.

ఆ న్యాయమూర్తులు చేసిన పని అచ్చంగా మన తరగతి గదిలో జరగాల్సిన పని. ఆ ముద్ర హెచ్ఐవీ ఉన్నవాళ్లను పశువుల్లా ముద్ర వేయాలని చెబుతోందా, లేక సమాజం అలా ముద్ర వేస్తోందని ఎత్తి చూపుతోందా? రెండో చదువుకు బొమ్మలో తావుంది. అది లేనట్టు, మొదటిదొక్కటే ఉన్నట్టు నిషేధించడం కుదరదన్నారు. ప్రకటన ఇచ్చినవాడికి లాభాపేక్ష ఉన్నంత మాత్రాన విమర్శ విమర్శ కాకుండా పోదన్నారు. ఇది మాకు సబబుగానే తోస్తుంది, అయితే ఒక మెలిక ఉంది. అదే ప్రకటనల వరస మీద 1995లో పారిస్ కోర్టు, హెచ్ఐవీతో బతుకుతూ ఫిర్యాదు చేసినవారికి పరిహారం చెల్లించమని బెనెటన్‌కు చెప్పింది. జర్మనీ కోర్టు బొమ్మలో ఎన్ని అర్థాలకు తావుందో చూసింది. పారిస్ కోర్టు ఆ ముద్ర ఎవరి ఒంటి మీద పడిందో చూసింది. ఒక దేశం తప్పు చేసిందని కాదు, రెండూ అడిగిన ప్రశ్నలు వేరు. విద్యార్థి తన పేపర్లో ఏ ప్రశ్న అడుగుతున్నాడో మొదటి వాక్యంలోనే చెప్పేస్తే సగం గందరగోళం పోతుంది.

ఇదే 'స్టెర్న్' పత్రికకు మన సుప్రీంకోర్టుతోనూ ఒక చుట్టరికం ఉంది. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, అతనికి కాబోయే భార్య బార్బరా ఫెల్టస్ నగ్నంగా ఉన్న ఫొటోను 'స్టెర్న్' వేసింది. 1993లో కలకత్తా నుంచి వచ్చే 'స్పోర్ట్స్ వరల్డ్' దాన్ని తిరిగి అచ్చు వేసింది, అశ్లీలం కేసు పడింది. సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరిలో ఆ కేసును కొట్టేస్తూ, బలహీన మనస్కుడు చెడిపోతాడా అన్న పాత విక్టోరియా కాలపు కొలతను వదిలి, ఈనాటి సమాజ ప్రమాణాలతో, మొత్తం వ్యాసం చెప్పే విషయంతో కలిపి ఫొటోను చూడాలంది. వర్ణవివక్షకు వ్యతిరేకంగా ఆ జంట చెప్పదలిచినది లెక్కలోకి తీసుకుంది. ఫొటో ప్రకటన కాదు, నిజమే. కానీ బొమ్మను దాని పేజీలోంచి చించి తీర్పు చెప్పకూడదన్న సూత్రం ప్రకటనకూ వర్తిస్తుంది.

మన దగ్గర పేచీ ఏమిటంటే, ప్రకటన అనగానే అశ్లీలమా కాదా అన్న ఒక్క ప్రశ్నే అడుగుతాం. 1995 నాటి టఫ్ బూట్ల ప్రకటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. మిలింద్ సోమన్, మధు సప్రే, ఇద్దరి ఒంటి మీదా బూట్లు, ఒక కొండచిలువ తప్ప మరేమీ లేవు. కేసు 14 ఏళ్లు నడిచి 2009లో వీగిపోయింది. ఆ 14 ఏళ్లలో బూట్లమ్మడానికి పాము దేనికన్న ఆసక్తికరమైన ప్రశ్న ఎవరూ సరిగ్గా అడగలేదు. కర్బీ ప్రకటనకు అశ్లీలం చట్టం అసలు అంటదు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్ పెట్టి చూసినా, 1986 నాటి స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం పెట్టి చూసినా దొరకదు. దానికి దగ్గరగా వచ్చేది 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం. ఒక మనిషికి హెచ్ఐవీ ఉందన్న సంగతి అతని సమ్మతి లేకుండా బయటపెట్టకూడదంటుంది అది, ఆ మనుషుల మీద ద్వేషం రేపే ప్రచురణనూ నిషేధిస్తుంది. హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఏళ్ల తరబడి ఉన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఈ చట్టం అశ్లీలం చట్టంకన్నా దగ్గరిది కావాలి.

పురుష దృష్టి, అంటే ఆడమనిషిని మగవాడి చూపుకు వస్తువుగా చూపించడం, గురించి ఒక మాట. మల్వీ 1975లో రాసింది హాలీవుడ్ సినిమా గురించి. అందులో కెమెరా చూపు, ప్రేక్షకుడి చూపు, పాత్రల చూపు మూడూ కథ నడకలో కలిసిపోతాయన్నది ఆమె వాదం. పత్రిక ప్రకటనలో నడిచే కథ లేదు. కాబట్టి ఆడమనిషి బొమ్మ కనపడగానే ఆ మాట అతికించకుండా, బొమ్మలో ఎవరు ఎవరిని చూస్తున్నారో గీతలు గీసి చూడాలి. మనవైపు చూసే కళ్లు మనల్ని ఏదో అడుగుతాయి. చూడని కళ్లు మనల్ని చాటుగా చూసేవాళ్లుగా నిలబెడతాయి. కర్బీ ప్రకటనలో ఆడదేహం అమ్మకానికి లేదు గాని, చూపుల లెక్క చాలా పని చేస్తుంది. మనల్ని ఎవరూ పట్టించుకోని ఆ గదిలో, పిలవని మనిషిగా మంచం పక్కన మనం నిలబడి ఉంటాం. ఇబ్బంది సగం అక్కడిదే.

సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1979లో చేసింది మరో రకం పని. వందలాది ప్రకటనల బొమ్మలు వరసగా పెట్టి చేతులు, తలవంపు, ఎత్తుల తేడాలు గమనించాడు. ఆడవాళ్ల వేళ్లు వస్తువును నిమురుతాయి, మగవాళ్ల చేతులు గట్టిగా పట్టుకుని పని చేస్తాయి అన్నాడు. కర్బీ తండ్రి చేతులు చూడండి. ప్రకటనల్లో తల్లులకు కేటాయించిన పని చేస్తున్నాయి. అయితే ఒక్క ప్రకటనతో ధోరణి నిరూపించలేం. గాఫ్‌మన్ పేరు చెప్పి ఒకే బొమ్మ మీద తీర్మానం రాస్తే అది తప్పు. అదే పత్రిక ఏడాది సంచికల్లోని ప్రకటనలన్నీ లెక్కగట్టాలి, లేదా ఆ పేరు ఎత్తకూడదు.

ఇదంతా చేయడానికి కావలసిన ముడిసరుకు గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. ఇంటర్నెట్‌లో వెతికి తెచ్చిన బొమ్మతో పత్రిక ప్రకటనను విశ్లేషించడం కుదరదు. కర్బీ ప్రకటన కోసం వెతికితే 'లైఫ్' నాటి నలుపు తెలుపు ఫొటో ముందొస్తుంది. ముద్ర లేని ఆ ఫొటోనే అతికించి 'ఈ ప్రకటనలో' అని మొదలుపెట్టిన పేపర్లు కొల్లలు. కావలసింది పూర్తి సంచిక. దొరక్కపోతే ఆ పేజీ, ఎదుటి పేజీ, ముందూ వెనకా రెండేసి పేజీలు స్కాన్ చేసి తెచ్చుకోవాలి. పేజీ కుడివైపుదా ఎడమవైపుదా రాసుకోవాలి, కుడిపేజీకి ధర ఎక్కువ పెట్టే పత్రికలున్నాయి. పూర్తి పేజీయా, రెండు పేజీలు కలిపినదా, అంచుల్లో తెల్లజాగా ఉందా, బొమ్మ అంచుదాకా పోయిందా చూడాలి. తెల్లజాగా ఉంటే పటం గోడకు తగిలించినట్టుంటుంది, లేకపోతే గదిలోకి తోసినట్టుంటుంది. ఎదుటి పేజీలో లిప్‌స్టిక్ ప్రకటన ఉంటే ఒక అర్థం, యుద్ధ వార్త ఉంటే మరో అర్థం. జెరాక్సు తీస్తే రంగు పోతుంది, ఈ ప్రకటనలో రంగే కీలకం కాబట్టి జెరాక్సు వద్దు. కంప్యూటర్లో భద్రపరిచేటప్పుడు బొమ్మను బిగించి కత్తిరించకూడదు, పేజీ నంబరు కనపడాలి.

డబ్బు లెక్క కూడా ఒక పేరా రాయాలి. పత్రిక ప్రకటనకర్తకు అమ్మేది తన పాఠకులనే అని కెనడా మీడియా పండితుడు డల్లస్ స్మైత్ 1977లో వాదించాడు. రెచ్చగొట్టే ప్రకటనకు ఈ లెక్క ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఒక పత్రికలో డబ్బిచ్చి వేసుకున్న బొమ్మను మిగతా పత్రికలన్నీ 'వివాదం' శీర్షిక కింద డబ్బు తీసుకోకుండా వేసిపెడతాయి. బెనెటన్‌కు కలిసొచ్చింది ఇదే. చివరికి దాన్ని ఆపినది ఏ కోర్టూ కాదు. 2000లో అమెరికా మరణశిక్ష ఖైదీల బొమ్మలతో ప్రకటనలు వేశాక సియర్స్ దుకాణాలు బెనెటన్ బట్టలు అమ్మబోమన్నాయి. 18 ఏళ్లుగా బెనెటన్ ప్రకటనలు తీసిన ఒలివియెరో తొస్కానీ అదే ఏడాది తప్పుకున్నాడు.

అందుకని సంపాదకులకు విన్నపం. ప్రకటనలతో సహా పత్రికలో అచ్చయిన ప్రతి అక్షరానికీ సంపాదకుడిదే బాధ్యత అని, బాధ్యత లేదనుకుంటే ముందే స్పష్టంగా ప్రకటించాలని ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమావళి చెబుతుంది. ఆ వాక్యాన్ని చిన్న అక్షరాల్లో ఇంప్రింట్ (అచ్చు వేసినవారి, ప్రచురించినవారి వివరాల) పక్కన వేసి వదిలేయకుండా, అభ్యంతరం వస్తే ఏ నియమం కింద పరిశీలించారో పాఠకుల పేజీలో ఒక పేరా రాయండి. వేరే పత్రికలో వచ్చిన వివాదాస్పద ప్రకటన గురించి వార్త వేసేటప్పుడు బొమ్మను మొదటి పేజీలో పెద్దగా పరచొద్దు. వేయక తప్పకపోతే లోపలి పేజీలో రెండు కాలాలకు మించకుండా, ముద్ర కత్తిరించకుండా, అసలు పేజీ అంచులు కనపడేట్టు వేయండి. బొమ్మ కింద పత్రిక పేరు, సంచిక తేదీ, పేజీ నంబరు, ప్రకటన ఇచ్చిన సంస్థ పేరు రాయండి. ఫిర్యాదు చేయదలిచిన పాఠకుడికి అవే కావాలి. ప్రకటనల మీద ఫిర్యాదులు పరిశీలించే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్‌కు రాసేటప్పుడు ప్రకటన ప్రతి, పత్రిక, తేదీ, అభ్యంతరం ఏమిటో జతపరచకపోతే ఆ ఫిర్యాదు ముందుకు కదలడం కష్టం.

నిషేధించమనో, కళ అనో ఉత్తరం రాసేవారికి కూడా మీరు ఒక షరతు పెట్టవచ్చు. ప్రకటనలో కనిపించేదేమిటో మొదటి మూడు వాక్యాల్లో, తిట్టూ పొగడ్తా లేకుండా రాసిన ఉత్తరాన్నే అచ్చు వేస్తామని ఆ పేజీ కింద ఒక గమనిక పెట్టండి.

ఇట్లు,
జర్నలిజం విద్యార్థులకు మీడియా పాఠాలు చెప్పే ఇద్దరు అధ్యాపకులు,
హైదరాబాద్.